ఆరు కణుపుల విల్లు

పూర్వం త్రేతాయుగంలో, ఇక్షుమతీ నది తూర్పు తీరాన రసాలపురమనే నగరాన్ని ధర్మకేతు మహారాజు ఏలుతుండగా, ఆ నగరంలో వరుసగా రెండు వసంతాలు మన్మథుని పండుగైన అనంగోత్సవం జరగకుండా గడిచిపోయాయి. మూడవ వసంతంలో చైత్ర శుద్ధ త్రయోదశి నాడు, పొద్దు బారెడెక్కిన వేళ, చంకలో పారాణి బుడ్డితో ఒక స్త్రీ ఉత్తర ద్వారం దగ్గరికి వచ్చింది. ద్వారపాలకుడు ఆమెను ఆపి, "ఈ ఊళ్ళో పండగ లేదమ్మా, పారాణి కొనేవాళ్ళు లేరు" అన్నాడు. "చూసి పోతాను నాయనా" అని చెప్పి ఆమె లోపలికి నడిచింది. ఆమె పంచబాణుని ధర్మపత్ని, రతీదేవి.

ఆమెకు మిగిలి ఉన్నది ఆ ఒక్క పగలు.

మన్మథుడు ఫాలలోచనుని కంటిమంటకు బూడిదైన తరువాత, రతి ఏడ్పు విన్న జగన్మాత హరుని ఒప్పించి ఆమెకొక వరం ఇప్పించిందని, ఆ వరం వల్ల దేహం లేని భర్త ఆమె ఒక్కతెకు కనిపిస్తాడని లోకం చెప్పుకుంటుంది. ఆ వరానికి ఉన్న నియమం మాత్రం లోకానికి తెలియదు. రసాలపురపు రాజోద్యానంలో ఒక అశోకవృక్షం ఉంది. ఏటా మధుమాసపు శుక్ల త్రయోదశి నాడు ఒక మానవ స్త్రీ పారాణి పెట్టిన ఎడమ పాదంతో ఆ చెట్టును తన్నితే అది పూస్తుంది. పూచిన క్షణం మొదలుకొని సూర్యుడు అస్తమించేదాకా రతికి తన భర్త కనిపిస్తాడు. ఆ చూపుతో ఆమె ఏడాది గడుపుకోవాలి. వరుసగా మూడు వసంతాలు చెట్టు పూయకపోతే వరం తీరిపోతుంది. రతి తన మహిమతో ఆ చెట్టును పూయించరాదు, తన పేరు చెప్పి ఎవరినీ ఆజ్ఞాపించరాదు. "అడిగి పుచ్చుకో, అధికారంతో పుచ్చుకోకు" అని నీలకంఠుడు ఆనాడే చెప్పాడు.

రెండు వసంతాలు చెట్టు పూయలేదు. ఇది మూడవది.

ఆమె వీధి వెంట నడిచింది. పండుగ నాడు ఇంటింటి ముందు పసుపూ సున్నమూ కలిపిన వసంతం నీళ్ళతో నిండి ఉండవలసిన గంగాళాలు బోర్లించి ఉన్నాయి. ఉయ్యాలలు వేలాడదీసే కొక్కేలు తుప్పు పట్టి ఉన్నాయి. అశోకం పూచాక దాని కింద ఒకరికొకరు పువ్వు మార్చుకున్న జంటకు తల్లిదండ్రులు గాని రాజు గాని అడ్డు చెప్పరాదన్నది ఆ నగరంలో ఆచారం. ఆ ఆచారాన్ని నమ్ముకున్న పడుచులు రెండేళ్ళుగా గుమ్మాల్లో కూర్చుని ఉన్నారు. ఒక్క ఇంటి పెరట్లో మాత్రం నిప్పుల మీద చెరకు కాగుతున్న వాసన వచ్చింది. రతి ఆ ఇంటికి వెళ్ళింది.

అది విరజ ఇల్లు. పండుగకు మన్మథుని చెరకువిల్లు చేసి ఇచ్చే వంశం ఆమెది. వయసు డెబ్బై రెండు. భర్త పోయి ముప్ఫై ఏళ్ళు. తడిగుడ్డ చుట్టిన చెరకుగడను నిప్పుసెగ మీద తిప్పుతూ, వేడెక్కినప్పుడల్లా మోకాలికి ఆనించి కొద్దికొద్దిగా వంచుతూ, ఆమె తలెత్తి చూసింది.

"పారాణా? ఎవరి కాళ్ళకే పిల్లా? ఈ ఊళ్ళో కాళ్ళన్నీ నడవడానికే పనికొస్తున్నాయి."

"పండగ లేకపోతే విల్లెందుకు చేస్తున్నావు అవ్వా?"

"పండగను రాజుగారు ఆపారు. చెరకును ఆపమని ఎవరూ చెప్పలేదు. మా అత్త చేసింది, మా అత్తకు అత్త చేసింది. ఒక ఏడు ఊరుకుంటే చెయ్యి మరిచిపోతుంది." విరజ విల్లును గోడకు ఆనించి, తేనె పూసిన నారతాడును రెండు కొసలకూ బిగించింది. "కూర్చో. ఎండన పడి వచ్చినట్టున్నావు."

రతి కూర్చుని విల్లును చూసింది. తన భర్త చేతిలో వేలసార్లు చూసిన విల్లది. చూస్తూ చూస్తూ లెక్కపెట్టి, ఆగి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"అవ్వా, దీనికి ఆరు కణుపులున్నాయి."

విరజ విల్లు అందుకుని బొటనవేలితో ఆ కొసనుంచి ఈ కొసదాకా తడిమింది. తోకవైపు చేరేసరికి వేలు ఆగిపోయింది.

"ఉంది," అంది. "చిన్న కణుపు. కోసేటప్పుడు వేలికి దొరకలేదు. కళ్ళెప్పుడో మసకబారాయి, వేళ్ళమీద బతుకుతున్నాను, ఇప్పుడవీ పోయినట్టే."

"ఆరుంటే ఏమవుతుంది?"

"ఐదు బాణాలకు ఐదు కణుపులే పిల్లా. అరవిందం, అశోకం, మామిడిపువ్వు, నవమల్లి, నల్లకలువ. అది పైవాళ్ళ లెక్క. నా లెక్క వేరే ఉంది. ఐదు కణుపులుంటే నడిమి కణుపు మీద పిడి పడుతుంది, ఎంత లాగినా ఆగుతుంది. ఆరుంటే పిడి రెండు కణుపుల నడుమ పడుతుంది. అక్కడ చేత్తో పట్టి లాగితే పుటుక్కుమంటుంది." విరజ విల్లును దూరంగా పెట్టింది. "ఇంకొకటి చేద్దామంటే గడ ఒక రోజంతా నీళ్ళలో నానాలి. ఇంతకాలానికి తప్పు చేశాను, అదీ ఎవరూ చూడని ఏడు."

ఇంతలో తేనె వాసనకు పెరటి తుట్టె నుంచి తేనెటీగలు వచ్చి నారతాటి మీద బారుగా వాలాయి. ఏటా అవి అలాగే వాలి, తాడు మీద కదలకుండా కూర్చుంటాయి. ఈసారి కొంతసేపు కూర్చుని, అన్నీ ఒక్కసారి లేచి, రతి జడ చుట్టూ తిరగసాగాయి. ఆమెను ఒక్కటీ కుట్టలేదు.

విరజ కళ్ళు చిట్లించి చూసింది. "తలకేం రాసుకున్నావు?"

"ఏమీ లేదు అవ్వా."

"సరే," అంది విరజ. అడగకుండానే రాజు సంగతి చెప్పసాగింది.

ధర్మకేతు మహారాజు భార్య సునేత్రాదేవి. పదకొండేళ్ళు ఆ చెట్టును తన్నినది ఆమే. పారాణి పెట్టేవారికి పెట్టించుకునేవారి మీద ప్రేమ ఉండాలన్నది నియమం గనుక, పదకొండేళ్ళూ రాజే తన చేత్తో ఆమె పాదానికి పారాణి పెట్టాడు. చివరి ఏడు ఆమెకు జ్వరం ఉన్నా, ఊరంతా ఎదురుచూస్తోందని లేచి వచ్చి చెట్టును తన్నింది. ఆ సాయంత్రం జ్వరం పెరిగింది, ఎనిమిదవ నాడు ఆమె పోయింది. చెట్టు బోదె మీద ఆమె పాదముద్ర మిగిలిపోయింది. రాజు ఆ చెట్టు చుట్టూ గోడ కట్టించి, ముద్ర మీద వాన పడకుండా చూరు దింపించి, ఆ ముద్రను తాకిన పాదాన్ని ఖండిస్తామని శాసనం వేయించాడు. ఏటా త్రయోదశి నాడు ఉదయం నుంచి అస్తమయం దాకా ఆ ముద్ర ఎదుట కూర్చుంటాడు.

"ఇంకొకరి పాదం పడితే ఆ ముద్ర చెరిగిపోతుందని ఆయన భయం," అంది విరజ. "భయమేమిటి, చెరిగిపోతుంది. పారాణి శిలాశాసనం కాదుగా."

"నన్ను అక్కడికి తీసుకువెళతావా?"

"పారాణి అమ్మడానికా?"

రతి తల వంచుకుని బుడ్డిని చంకలో సర్దుకుంది. తేనెటీగలు ఇంకా ఆమె జడ చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. విరజ వాటిని చూసి, ఆరు కణుపుల విల్లును భుజాన వేసుకుని లేచింది.

వారు ఉద్యానవనం చేరేసరికి మూడవ ఝాము ముగియవచ్చింది. ద్వారం దగ్గర రాజగురువు ఆర్జవ మహర్షి నిలబడి ఉన్నాడు. అసత్యం పలకడని పేరు పొందినవాడు, ఆ కారణం చేతనే తక్కువ మాట్లాడేవాడు. "మహారాజు ఎవరినీ చూడరు" అన్నాడు.

"ఆయన నన్ను చూడనక్కర్లేదు స్వామీ," అంది విరజ. "విల్లు పెట్టిపోతాను. విల్లు తేవద్దని శాసనంలో ఉందా?"

మహర్షి శాసనాన్ని మనసులో చదువుకుని, "లేదు" అని పక్కకు తప్పుకున్నాడు.

గోడ లోపల ధర్మకేతువు దర్భాసనం మీద కూర్చుని ఉన్నాడు. ఎదుట అశోకవృక్షం నిలిచి ఉంది, ఆకు తప్ప పువ్వు లేదు. బోదె మీద మోకాలి ఎత్తున పాదముద్ర ఉంది. ఎరుపు పోయి గోధుమరంగు తేలింది. మడమ, అరికాలి అంచు, నాలుగు వేళ్ళు. చిటికెన వేలు లేదు.

రతి ఆ ముద్రను చూసింది, గోడ నీడను చూసింది. నీడ చెట్టు మొదలుకు మూడు మూరల దూరంలో ఉంది. ఆమె రాజుకు నమస్కరించి అంది: "మహారాజా, నేను పారాణి తెచ్చే స్త్రీని. ఈనాడు ఈ చెట్టును తన్నడానికి ఒక స్త్రీకి అనుమతి ఇవ్వండి. నేను అడగవచ్చింది ఇంతే."

రాజు ముద్ర మీదినుంచి చూపు మరల్చలేదు. "అమ్మా, నీవు పరదేశివి గనుక చెబుతున్నాను. అనంగుని పండుగకు నా భార్యను బలి ఇచ్చాను. ఈ చేత్తో పారాణి పెట్టి ఉండకపోతే ఆమె మంచం దిగేది కాదు. ఆనాడు రాయబారులు సభలో వేచి ఉన్నారని తొందరపడి నాలుగు వేళ్ళకు పెట్టి లేచాను. చిటికెన వేలు మిగిలింది. 'దాన్ని వచ్చే ఏటికి ఉంచండి' అని ఆమె నవ్వింది. ఆ మాట చెప్పిన పాదం ఇదొక్కచోటే ఉంది. దీన్ని ఏ దేవుని పండుగ కోసమూ తుడవనివ్వను. నీవు వెళ్ళవచ్చు."

రతి వెళ్ళలేదు. తన పేరు చెబితే ఆయన లేచి నిలబడతాడు. చెబితే వరం అక్కడే తీరుతుంది. ఆమె పారాణి బుడ్డిని నేల మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

"మహారాజా, ఒక స్త్రీ సంగతి చెబుతాను, విని పంపించండి. ఆమె భర్త ఆమె కళ్ళ ఎదుటే కాలిపోయాడు. ఒక్క రెప్పపాటు. మిగిలింది బూడిద. గాలి వీస్తోందని ఆమె చీరచెంగు కప్పి, ఆ బూడిదను రెండు గుప్పిళ్ళలోకి ఎత్తుకుంది. ఎన్నాళ్ళో గుప్పిళ్ళు విప్పలేదు. తినడానికి విప్పలేదు, కన్నీళ్ళు తుడుచుకోవడానికి విప్పలేదు. ఆయన్ను కాపాడుతున్నాననుకుంది. ఒకనాడు ఒక పెద్దావిడ వచ్చి, 'నీ భర్త నీ ముందే నిలబడి ఉన్నాడు, చేయి చాస్తున్నాడు, నీకు ఖాళీ చెయ్యి లేదు' అని చెప్పింది. అప్పుడు విప్పింది."

రాజు దర్భాసనం మీద కొంచెం ముందుకు వంగాడు. తరువాత అడిగాడు: "ఆమె భర్త తిరిగి వచ్చాడా?"

"వచ్చాడు. దేహం లేకుండా."

"నా భార్య వస్తుందా?"

గోడ నీడ ఇంకొక జానెడు జరిగింది. వస్తుందని ఒక్క మాట అంటే చాలునని, ఆ మాటతో ద్వారం తెరుచుకుంటుందని, చెట్టు పూస్తుందని రతికి తెలుసు. ఆమె పెదవులు విడివడ్డాయి. భార్యాభర్తల నడుమ అబద్ధం నిలవదని లోకానికి నేర్పినవాని భార్య ఆమె.

"రాదు మహారాజా" అంది.

ఆర్జవ మహర్షి ఆమెవైపు తిరిగి చూశాడు. ధర్మకేతువు అప్పుడు మొదటిసారి ముద్ర మీదినుంచి చూపు మరల్చి, ఆమె ముఖంలోకి చూశాడు.

"మూడేళ్ళు కావస్తోంది. ఆ మాట నాతో అన్నవారు లేరు. ఆమె స్వర్గంలో ఉందన్నారు, ఆమెది పుణ్యమన్నారు, రాజు దుఃఖించరాదన్నారు." ఆయన ఊపిరి పీల్చి వదిలాడు. "ఒక కన్యను పిలిపించండి. తన్ననివ్వండి. ఆ ముద్ర మీద మాత్రం కాదు."

కబురు వీధిలోకి పోగానే జనం గోడ బయట గుమిగూడారు. మాలకరి కూతురు శారికను తీసుకువచ్చారు. పడవ నడిపే యువకునికి పువ్వు ఇవ్వాలని రెండేళ్ళుగా కాచుకున్న పిల్ల ఆమె. తల్లి పారాణి పెట్టగా, శారిక చీరకుచ్చిళ్ళు పట్టుకుని, ముద్రకు ఆవలివైపుకు వెళ్ళి, చెట్టును ఎడమ పాదంతో తాకింది. అందె చప్పుడైనా సరిగా కాలేదు. చెట్టు కదలలేదు. రెండవసారి తన్నింది. మూడవసారి తన్నింది. ఆకు రాలింది, మొగ్గ రాలేదు.

"చూశారు కదా," అన్నాడు రాజు. ఆయన గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. "చెట్టుకూ ఇష్టం లేదు. ద్వారం మూసేయండి."

శారిక ఏడుస్తూ వెళ్ళిపోయింది. భటులు తలుపు రెక్కలు పట్టుకున్నారు. రతి లేచి నిలబడింది గాని, నిలబడి చేయగలిగిందేమీ లేదు. తెరిచిన ద్వారానికి ఎదురుగా సూర్యుడు నది మీదికి దిగాడు. ఇంకొక ఘడియ. ఆ ఘడియ గడిస్తే, తన ఎదుట చేయి చాచి నిలబడినవాడు చేయి చాచే ఉంటాడు, తనకు కనపడడు, ఎన్నటికీ.

"ఆ పిల్ల మూడుసార్లు తన్నింది," అంది విరజ గోడ వారనుంచి. "మూడుసార్లూ చెట్టును చూడలేదు, రాజుగారి ముఖం చూసింది. భయపడ్డ కాలికి ఏ చెట్టు పూస్తుంది?" ఆమె విల్లును నేల మీద పెట్టి, కుంటుకుంటూ చెట్టు దగ్గరికి వచ్చి, రాజు ఎదుట కూలబడి, ఎడమ పాదం చాచింది. "ప్రభూ, బుడ్డిలో ఇంకా పారాణి ఉంది. నాకు పెట్టండి."

తలుపులు పట్టుకున్న భటులు ఆగిపోయారు.

ఆర్జవ మహర్షి, "విరజా, నీవు భర్త లేని దానివి" అన్నాడు.

"తెలుసు స్వామీ. ముప్ఫై ఏళ్ళుగా రోజూ తెలుస్తూనే ఉంది. భర్త లేనిదాని పాదానికి పారాణి పెట్టరాదని ఏ శాస్త్రంలో ఉంది?"

మహర్షి కళ్ళు మూసుకున్నాడు. అంతటివాడు అంతసేపు ఆలోచించడం ఎవరూ చూడలేదు. నీడ చెట్టు మొదలును తాకింది. ఆయన కళ్ళు తెరిచి, "శాస్త్రంలో లేదు. ఆచారంలో ఉంది" అన్నాడు.

"ఆచారమైతే మా అత్తలది. వాళ్ళతో నేను పైకి వెళ్ళాక మాట్లాడుకుంటాను."

"అవ్వా," అన్నాడు ధర్మకేతువు, "నీవు ఎక్కడ తన్నుతావు?"

"ఆమె తన్నినచోటే. పక్కన తన్నితే అది దొంగతన్ను."

"చెట్టు పూస్తే అది శాసనానికి పైమాట. అక్కడ పాదం పడి, అది పూయకపోతే, శాసనం నిన్ను విడిచిపెట్టదు. దాన్ని నేను వేశాను. నా ఇష్టాన్నిబట్టి మార్చలేను."

"డెబ్బై రెండేళ్ళు నడిచిన కాలు. దీనికి ఇక పెద్ద పనుల్లేవు." విరజ పాదాన్ని ఇంకొంచెం ముందుకు చాచింది. "నియమం ఒకటి ఉంది గదా, పెట్టేవాళ్ళకు పెట్టించుకునేవాళ్ళ మీద ప్రేమ ఉండాలని. నాకు పారాణి పెట్టినవాడు చెరకుతోటలో పాము కరిచి పోయాడు. ఈ ఊళ్ళో ఇంకెవరున్నారా అని ఆలోచించాను. ఒకడున్నాడు. ఐదేళ్ళప్పుడు వచ్చి విల్లు కావాలని మారాం చేస్తే చేసి ఇచ్చాను, సాయంత్రానికి తినేశాడు. మరునాడు మళ్ళీ వచ్చాడు. మొత్తం ఏడు విళ్ళు తిన్నాడు నాయనా వాడు. ప్రేమ లేకపోతే అన్నిసార్లు వస్తాడా?"

భటుల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నాడు. ధర్మకేతువు నవ్వలేదు. ఆయన ముద్రను చూశాడు, ఆ ముసలి పాదాన్ని చూశాడు. పగుళ్ళిచ్చిన మడమ, చెరకు ఆకు కోసిన గీతలు, వంగిపోయిన వేళ్ళు. ఆయన దర్భాసనం మీదినుంచి లేచి, కిరీటం తీసి దాని మీద పెట్టి, నేల మీద మోకరించి, రతి అందించిన పారాణిలో వేలు ముంచాడు.

మొదట చిటికెన వేలికి పెట్టాడు.

తరువాత ఒక్కొక్క వేలికీ, అరికాలి అంచుకూ, మడమకూ, తొందరపడకుండా పెట్టాడు. రతికి ఆ నిదానం భరించరానిదైంది. సూర్యబింబం అడుగు నదీజలాన్ని తాకబోతోంది. రాజు ఇంకా బొటనవేలి గోటి అంచు దిద్దుతున్నాడు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆ పాదాన్ని మధ్యలో వదిలి లేవమని ఆయనకు చెప్పే హక్కు ఎవరికీ లేదని ఆమెకు తెలుసు.

విరజ రాజు భుజం ఆసరాతో లేచింది. చెట్టుకు ఎదురుగా నిలబడి, "తల్లీ, నీ చోటు కొంచెం ఇవ్వు" అని ముద్రతో చెప్పి, ఎడమ కాలెత్తి తన్నింది. ఆ దెబ్బకు అందె లేని పాదం టప్పున మోగింది.

ఏమీ జరగలేదు.

విరజ కాలు దించలేదు. ముద్ర మీద పాదం ఆనించి, అలాగే ఒంటికాలి మీద నిలబడింది. రాజు ఆమె మోచేయి పట్టుకున్నాడు. బయట జనం ఊపిరి బిగబట్టారు. రతి పడమటివైపు చూడలేక, చెట్టువైపూ చూడలేక, తన రెండు అరచేతులను చూసుకుంది. ఒకప్పుడు బూడిద ఉన్న అరచేతులు. అవి ఖాళీగా ఉన్నాయి.

"బెరడు కదిలింది" అంది విరజ.

ఆమె కాలి వేళ్ళకు బెత్తెడు పైన, ముదురు బోదె లోంచి, బెరడు చీల్చుకుని ఒక మొగ్గల గుత్తి బయటికి వచ్చింది. వచ్చి విచ్చుకుంది. దాని పైన ఇంకొకటి. తరువాత కొమ్మ వెంట కొమ్మ, గోడ దాటి బయటికి వంగిన కొమ్మల దాకా, చెట్టంతా నిప్పురంగు తేలింది. వీధిలో ఎవరో శంఖం ఊదారు.

రతి తల ఎత్తింది. చెట్టు కింద ఆమె భర్త నిలబడి ఉన్నాడు. చాచిన చేయి చాచే ఉంది.

"పారాణి అమ్ముతున్నావట," అన్నాడు మన్మథుడు. "బేరం ఎలా ఉంది?"

"మూడేళ్ళకు ఒక్క కాలు" అంది రతి. అని, ఆ చేయి పట్టుకుంది.

సూర్యబింబం సగం మునిగింది. ఉన్న ఆ కాస్త సమయమూ రతిదే. ఆమె భర్త ముఖం చూస్తూనే, రాజు ఇంకా ఆ ముసలిదాని మోచేయి పట్టుకుని నిలబడి ఉండడం కూడా చూసింది. "ముందు ఆయనతో మాట్లాడండి" అంది. "మనకు సమయం లేదు గదా" అన్నాడు మన్మథుడు. "అందుకే ముందు" అంది రతి.

అప్పుడు పుష్పధన్వుని గొంతు అందరికీ వినిపించింది. "ధర్మకేతూ, నా భార్యకు నన్ను తిరిగి ఇచ్చావు. నీకొక వరం ఇవ్వాలి. అడుగు. యముడు తీసుకున్నదాన్ని నేను ఇవ్వలేను. నీవు అది అడుగుతావని భయపడుతూనే అడగమంటున్నాను."

రాజు పారాణి తెచ్చిన స్త్రీవైపు చూసి, ఆమె ఎవరో తెలుసుకుని, తల వంచాడు. తరువాత చెట్టువైపు తిరిగాడు. విరజ పాదం తీసినచోట పాత ముద్ర కనిపించలేదు. ఎర్రని కొత్త ముద్ర ఉంది. దానికి ఐదు వేళ్ళున్నాయి.

"దేవా," అన్నాడు ఆయన, "ఈ పండుగలో ఇన్నాళ్ళూ జంటలకే చోటుంది. జంటలో ఒకరు పోయినవారు ఈనాడు తలుపు వేసుకుని కూర్చుంటారు. నేను గోడ కట్టుకుని కూర్చున్నాను; తక్కినవారికి గోడ కట్టుకునే స్తోమత లేదు. ఇకమీద వారు కూడా ఈ చెట్టు కిందికి వచ్చి, పారాణి పెట్టించుకుని, పోయినవారికి ఒక పువ్వు ఇచ్చుకునేటట్టు అనుగ్రహించు. ఆ పువ్వు అందిందని వారికి తెలిసేటట్టు అనుగ్రహించు."

"అలాగే అగుగాక," అన్నాడు మన్మథుడు. "పోయినవారిని తలచుకుని అరచేతిలో ఈ అశోకపు పువ్వు పెట్టుకున్నవారికి, దాని బరువు ఒక్క క్షణం తెలియకుండా పోతుంది. ఆ క్షణం పువ్వు వారి చేతిలో లేదు, అవతలివారి చేతిలో ఉంది." తరువాత ఆయన గోడ వారన ఉన్న విల్లువైపు చూసి, "ఆరు కణుపులున్నాయి" అన్నాడు.

విరజ సిగ్గుపడింది. "తప్పయింది స్వామీ. కళ్ళు సరిగా ఆనవు."

"ఐదు నా బాణాలకు. ఆరవది ఒంటరిగా మిగిలినవారికి. ఇకమీద నా విల్లు ఇలాగే చెయ్యి."

ధర్మకేతువు విల్లును భక్తితో అందుకుని నడుమ పట్టుకుని ఎత్తబోయాడు. చెరకు కిరకిరమంది.

"నడుమ పట్టకు నాయనా, విరుగుతుంది," అంది విరజ. "ఆరు కణుపుల విల్లు ఒకరు పట్టుకునేది కాదు. ఆ కణుపు నువ్వు పట్టు. ఈ కణుపు నేను పడతా."

ఇద్దరూ పట్టుకుని ఎత్తారు. విల్లు నిలిచింది. పెరటి తేనెటీగలు వచ్చి తాటి మీద బారుగా వాలి, ఈసారి కదలకుండా కూర్చున్నాయి. తెరిచిన ద్వారం లోంచి జనం లోపలికి వచ్చారు. శారిక వచ్చింది, ఆమె వెనుక తెడ్డు ఇంకా చేతిలోనే ఉన్న పడవవాడు వచ్చాడు. రాజు రాలిన పువ్వు ఒకటి ఏరుకుని, ఖాళీగా ఉన్న చేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదవులు ఒక పేరు పలికాయి. ఆ చేయి, మీదినుంచి ఎవరో బరువు తీసుకున్నట్టుగా, కొంచెం పైకి లేచింది.

మన్మథుడు రతివైపు తిరిగాడు. సూర్యుని అంచు మాత్రం నీటి మీద ఉంది. వారు ఆ సమయంలో ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. అంచు మునిగింది. రతి చేతిలో చేయి లేదు, వెచ్చదనం ఉంది.

ఆమె ఖాళీ బుడ్డి చంకన పెట్టుకుని బయలుదేరింది. ద్వారం దగ్గర విరజ ఎర్రని పాదంతో కుంటుతూ వచ్చి కలుసుకుంది.

"మళ్ళీ ఏటికి బుడ్డి చాలదు పిల్లా. కుండతో తే. ఊళ్ళో నాలాంటి కాళ్ళు చాలా ఉన్నాయి."

"నేనెవరో నీకు ఎప్పుడు తెలిసింది అవ్వా?"

"తేనెటీగలు పొద్దున్నే చెప్పాయి. చెప్పకూడని మాటేదో ఉందని నీ ముఖం చెప్పింది. అందుకని అడగలేదు."

ఆనాటినుంచి రసాలపురంలో ఉద్యానానికి ద్వారం లేదు, గోడ లేదు. అనంగోత్సవం నాడు ఆరు కణుపుల విల్లును ఇద్దరు పట్టుకుంటారు: ఆ ఏడు పువ్వు మార్చుకున్న జంటలో ఒకరు, జంటలో ఒకరిని పోగొట్టుకున్నవారిలో ఒకరు. ధర్మకేతువు నలభై ఏళ్ళు రాజ్యం చేసి, ప్రతి వసంతంలోనూ ఆ చెట్టు కింద మోకరించి, అడిగినవారి పాదానికల్లా తన చేత్తో పారాణి పెట్టాడు. తొందరపడి ఒక్క వేలైనా వదలలేదు. ఈ కథను త్రయోదశి నాడు చెప్పుకున్న ఇంట్లో కలిసి ఉన్నవారు విడిపోరని, విడిపోయినవారు మరువబడరని పెద్దలు చెబుతారు.